పెట్రోలు డబ్బా, మా అత్తమ్మ బొటనవేలు

మా అత్తమ్మకు ఈ లోకంలో నచ్చని సంగతులు మూడు: చీర మీద నూనె డాగు, చెప్పిన మాట వినని కోడలు, చల్లారిన చాయ్. మూడూ మా ఇంట్లో రోజూ ఉండేవి కాబట్టి ఆమె నోటికి ఖాళీ దొరికేది కాదు. తెలుగు నేతపనివాళ్ళుండే షోలాపూరు దాజీ పేటలోని ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చేనాటికి నాకు పద్దెనిమిదేళ్ళు, స్వాతంత్ర్యానికి ఆరేడేళ్ళు. పేటలో గుంటమగ్గాల చప్పుడు తగ్గి సాంచాల చప్పుడు పెరుగుతున్న రోజులవి. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. మా మామ అప్పటికే ముందు గదిలో రెండు సాంచాలు పెట్టించాడు. అవి ఆడుతున్నంతసేపూ ఉప్పు అందుకోమని చెప్పాలన్నా అరవాల్సిందే. మా ఇంటిల్లిపాదికీ నోరు పెద్దదవడానికి కారణం అదేనని నేను వాదించేదాన్ని. మా పుట్టింటివాళ్ళు మాత్రం నా నోరు పుట్టుకతోనే వచ్చిందనేవాళ్ళు.

సాంచాకు నూనె పొయ్యకపోతే ఆడదు. పోస్తే ఊరుకుంటుందా, ఆ నూనె తెచ్చి బట్ట మీద చిమ్ముతుంది. చక్కగా నేసిన చీర, ఎర్రంచు, మధ్యలో నల్లటి చుక్క! చీరలు కొనే సేటు గుమాస్తా కంట ఆ చుక్క పడిందంటే చీర పక్కకు పోయినట్టే. ఆ చుక్కల్ని మాయం చేసేది మా అత్తమ్మ. మా చీరలే కాదు, గల్లీలో సాంచాలున్న ఇళ్ళన్నిటి చీరలూ ఆమె దగ్గరికే వచ్చేవి. "అక్కా, జర చూడు" అంటూ మూట దించేవాళ్ళు. ఆమె చీర విప్పి, డాగును వెలుగులో పెట్టి, "ఏం నేసిన్రో ఏమో, చీర నేయమంటే నూనెల ముంచి తెచ్చిన్రు" అని ఒక తిట్టు తిట్టి తీసుకునేది. ఆ తిట్టు పడితే పని అయిపోయినట్టేనని అందరికీ తెలుసు.

ఆ పని చూసి తీరాలి. డాగు కింద పాత ధోవతి గుడ్డను నాలుగు మడతలు పెట్టేది. దూది ఉండను పెట్రోల్లో ముంచి, డాగు అంచు నుంచి నడిమికి, నడిమి నుంచి అంచుకు కాదు సుమా, గుండ్రంగా అద్దుకుంటూ వచ్చేది. అంచుకు తోసిందంటే డాగు పోయి దాని చుట్టూ గీత మిగులుతుంది. అద్దగానే మొహం దగ్గరపెట్టి ఉఫ్ ఉఫ్ అని ఊదేది. ఊదితే గీత పడకుండా ఆరుతుంది. చివరికి సుద్దపొడి చల్లి, దులిపి, చీరను నా మొహం మీదికి విసిరి, "ఎక్కడున్నదో చూపియ్యి" అనేది. నేను నిజంగానే వెతికేదాన్ని. దొరికేది కాదు. అప్పుడామె మొహం చూడాలి!

ఇదంతా నడిమింట్లో, తలుపేసుకుని. ఆ గదికి కిటికీ లేదు. తలుపెందుకు వేయాలని నేను అడిగితే, "తెరిస్తే పెట్రోలంత గాలికి పోతది, నీ అయ్య తెచ్చి పోస్తడా?" అంది. కాబట్టి ఆ పెట్రోలు గాలికి పోకుండా, గదిలోనే ఉండి, రోజంతా మా అత్తమ్మ ముక్కులోకి పోయేది. ఇప్పుడిలా రాస్తుంటే నాకే ఒళ్ళు మండుతోంది గానీ, అప్పుడు మా అందరికీ అది పొదుపుగానే తోచింది. పెట్రోలంటే మాకున్న భయం ఒక్కటే, నిప్పు. మామ బీడీ ముట్టించుకుని ఆ గుమ్మం దగ్గరికి వచ్చాడా, "ఇల్లు అంటుకుంటది, అవుతలికి నడువు!" అని ఆమె వేసే కేకకు సాంచా చప్పుడు కూడా చిన్నబోయేది. నిప్పు పెట్టకపోతే అది నీళ్ళలాంటిదేనని మా ఇంటిల్లిపాది నమ్మకం. మగవాళ్ళు సాంచా జిడ్డును రాకెలుతో కడుక్కునేవాళ్ళు. కిరసనాయిలుకు మా దగ్గర రాకెలు అనే పేరు. అత్తమ్మ మాత్రం పెట్రోలుతో కడుక్కునేది. ఆమె హోదా వేరు మరి.

ఆ విద్య నాకు నేర్పాలని మొదటి నెలలోనే కూర్చోబెట్టింది. గంటసేపటికి నాకు తల దిమ్మెక్కి, కళ్ళు తిరిగి, వాకిట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. గల్లీలో ఆడవాళ్ళంతా నా కడుపు వంక చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. కడుపు కాదు, పెట్రోలు అని తేలాక అత్తమ్మ నిరాశకు అంతులేదు. "సుకుమారి ముక్కు తెచ్చిన్రు నాకు" అని ఊరంతా చెప్పుకుంది. నాకు కండెలకు నూలు చుట్టే పని అప్పగించింది. ఆ ముక్కే నన్ను కాపాడిందని అప్పుడు నాకు మాత్రం ఏం తెలుసు!

రెండేళ్ళు గడిచాయి. ఆ రెండో ఏడాది అత్తమ్మ ఒంటికి ఏదో ఒకటి తగులుకుంటూనే ఉంది. జలుబు చేస్తే మాకు నాలుగు రోజుల్లో పోయేది, ఆమెకు ఛాతీలోకి దిగి నెలంతా కూర్చునేది. నోట్లో పుండ్లు లేచి కారం తినలేకపోయేది. మా ఇంట్లో కారం తినకపోవడమంటే చిన్న సంగతి కాదు. వీపు మీద సెగ్గడ్డ ఒకటి మానుతుండగానే పక్కన ఇంకొకటి లేచేది. "ఒంట్ల వేడి" అని అందరూ తేల్చేశారు. సబ్జా నీళ్ళు తాగించాం. మజ్జిగ తాగించాం. దిష్టి అని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాం, నడిమింటి తలుపు గట్టిగా మూసి మరీ. జాగ్రత్త మాకు తక్కువా!

చివరికి కుడిచేతి బొటనవేలికి గోరుచుట్టు వచ్చింది. మొదట నిమ్మకాయకు బెజ్జం పెట్టి వేలికి తొడిగాం. నిమ్మకాయ తొడుక్కున్న బొటనవేలిని పైకెత్తుకుని ఆమె గల్లీలో తిరుగుతుంటే, ఎవరినో వెక్కిరిస్తోందనుకుని ఎదురింటామె రెండు రోజులు మాట్లాడలేదు. నవ్వాం, బాగా నవ్వాం. కానీ వేలు మానలేదు. చీము పోయిందనుకుంటే మళ్ళీ పట్టేది. అప్పుడు మా అత్తమ్మ తనకు తెలిసిన గొప్ప వైద్యం మొదలుపెట్టింది. దూదిని పెట్రోల్లో ముంచి వేలికి కట్టుకుంది.

"మండదా అత్తమ్మా?" అన్నాను.

"మండితెనే పనిచేస్తున్నట్టు. సాంచా డాగు తీసేది గీ పుండు తియ్యదా?"

ఆ కట్టుతోనే మళ్ళీ నడిమింట్లోకి వెళ్ళి కూర్చుంది. పది రోజులకు వేలు మణికట్టు దాకా వాచింది, జ్వరం వచ్చింది. మామకు భయం వేసింది. టాంగా కట్టించుకుని దవాఖానకు వెళ్ళాం. మామ, అత్తమ్మ, ఆమెను పట్టుకోవడానికి నేను.

అక్కడి పెద్ద డాక్టరు మరాఠీ ఆయన. నెరిసిన మీసాలు, నెమ్మదైన మనిషి. వేలు చూశాడు, నోరు తెరిపించి చూశాడు, వీపు చూశాడు. "బాయీ కామ్ కాయ్ కరతే?" అని మామను అడిగాడు. ఈమె ఏం పని చేస్తుందని.

"కాహీ నాహీ. ఘరీచ్ అసతే" అన్నాడు మామ. ఏం లేదు, ఇంట్లనే ఉంటది.

నేను ఉలిక్కిపడి అత్తమ్మ వంక చూశాను. ఆమె కూడా తల ఊపుతోంది, అవునవును, ఇంట్లనే ఉంట అన్నట్టు! పొద్దున్న తలుపేసుకుంటే మళ్ళీ అన్నానికే బయటికి వచ్చే మనిషి. మాట నాలుక చివరిదాకా వచ్చింది నాకు. కానీ కొంగు నెత్తి మీద ఉంది, ఎదురుగా మామ ఉన్నాడు, డాక్టరు ఉన్నాడు. మా ఇళ్ళలో కోడలు అలాంటిచోట గొంతెత్తదు. ఊరుకున్నాను. డాక్టరు పెన్సిలిన్ సూదులు రాశాడు. వాపు తగ్గింది. ఇంటికి వచ్చాం. మూడు వారాలకు మళ్ళీ వాచింది. మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ సూదులు, మళ్ళీ అంతే. మలేరియా అనుకున్నారు, క్షయ అనుకున్నారు, షుగర్ అనుకున్నారు. ఏదీ కాదు.

మూడోసారి డాక్టరు రక్తం తీయించి పరీక్షకు పంపి, మమ్మల్ని మర్నాడు రమ్మన్నాడు. మర్నాడు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత మామతో మెల్లగా చెప్పాడు. మందు ఒక్కటే పోట్లాడితే లాభం లేదు, ఒళ్ళు కూడా పోట్లాడాలి, ఈమె ఒంట్లో పోట్లాడే బలం లేదు, ఇలాగే ఉంటే వేలు తీసేయాల్సి వస్తుంది, వేలితో ఆగుతుందని కూడా చెప్పలేను అన్నాడు.

అత్తమ్మకు మరాఠీ బాగానే వచ్చు. మొహం తెల్లబోయింది. గల్లీ మొత్తాన్నీ గడగడలాడించే మనిషి, బల్ల మీద చిన్నపిల్లలాగా కూర్చుని ఆ బొటనవేలిని రెండో చేత్తో దాచుకుంది. మనిషి పోతుందేమో అని నాకు మొదటిసారి అనిపించింది.

డాక్టరు కాగితం పక్కన పెట్టి మళ్ళీ అడిగాడు. రంగుల పని ఏమైనా చేస్తుందా? కార్ఖానాకు వెళ్తుందా? ఏం పని?

"నాహీ సాహెబ్, ఘరీచ్..." అని మామ అందుకున్నాడు.

"ఖోటే!" అని అరిచాను.

అరిచాను అంటే మామూలుగా కాదు. రెండు సాంచాలు ఆడుతున్న ఇంట్లో ఎలా అరుస్తామో అలా అరిచాను. గదిలో నర్సు చేతిలోని పళ్ళెం గల్లుమంది. "ఖోటే, డాక్టర్‌సాబ్! కామ్ కరతే, ఖూప్ కామ్ కరతే!" అబద్ధం, పని చేస్తది, బోలెడు పని చేస్తది అని. అక్కడికి నాకు వచ్చిన మరాఠీ అయిపోయింది. మిగతాదంతా తెలుగులో, మధ్యమధ్య హిందీలో, చేతులతో, ఉఫ్ ఉఫ్ అని ఊది మరీ చూపించాను. తలుపు సంగతి చెప్పాను. కిటికీ లేని సంగతి చెప్పాను. దూది కట్టు సంగతి చెప్పాను. అత్తమ్మ నా తొడను గిల్లుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. కొంగు ఎప్పుడు జారిందో నాకు తెలియదు.

డాక్టరు లేచి వచ్చి ఆమె చేతిని పట్టుకుని, కట్టును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "రోజుకు ఎంతసేపు? ఎన్నేళ్ళుగా?" అని ఈసారి మామను కాదు, అత్తమ్మను అడిగాడు. ఆమె మామ వంక చూసింది, నా వంక చూసింది, తర్వాత మెల్లగా చెప్పింది.

ఆయన మాకు అర్థమయ్యేలా వివరించాడు. నెత్తుట్లో తెల్లకణాలని ఉంటాయట. బయటి నుంచి రోగం వస్తే అడ్డుకునేవి అవేనట, పేటకు రాత్రి గస్తీవాళ్ళ మాదిరి. అవి ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. ఏళ్ళ తరబడి పెట్రోలు ఆవిరి పీలిస్తే, చర్మంలోంచి ఒంట్లోకి ఇంకితే, ఆ మూలుగ దెబ్బతినవచ్చు. అప్పుడు గస్తీవాళ్ళు తగ్గిపోతారు. మనకు రెండు రోజుల్లో పోయే చిన్న గడ్డ, ఇలాంటివాళ్ళ ఒంట్లో ఇల్లు కట్టుకుంటుంది. "దీనివల్లే అని ఇవాళ ప్రమాణం చేసి చెప్పలేను" అన్నాడు. "పెట్రోలు ముట్టడం మానెయ్యండి. ఆ గదిలోకే పోవద్దు. మందులు ఇస్తాను. నెత్తురు మళ్ళీ చూద్దాం."

"తెల్లయి గన్ని ఉంటే నెత్తురు ఎర్రగెందుకుంటది?" అని అడిగింది మా అత్తమ్మ. ప్రాణం మీదికి వచ్చినా ఆమెకు ప్రశ్న ప్రశ్నే. డాక్టరు నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

తిరిగి టాంగా ఎక్కాం. మామ ముందు కూర్చుని గుర్రం వంకే చూస్తున్నాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు: "డాగులు తీస్తదని నాకు తెల్వదా? తెలుసు. అదొక పని అని యాదికే రాలె." ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. నిజంగానే యాదికి రాలేదు. అది ఆమె చేసే పని అని కాక, ఆమె ఉండే తీరు అనుకున్నాడు. నాకు కోపం పోలేదు గానీ, తిట్టబుద్ధి కూడా కాలేదు.

అత్తమ్మ మాత్రం ఇంటి ముందు దిగగానే నా చెవి పట్టుకుంది. "గంత నోరు ఎక్కడిదే నీకు? మామ ముంగట, డాక్టర్ ముంగట!" అంది. చెవి మెలిపెట్టలేదు, ఊరికే పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత వదిలేసి, "చాయ్ పెట్టుపో. వేడిగ తే" అంది.

పెట్రోలు డబ్బా ఇంట్లోంచి వెళ్ళిపోయింది. మా మామ నడిమింటి గోడకు తనే గునపం పట్టి కిటికీ కొట్టాడు. వంకరగా వచ్చింది, అయినా వెలుగొచ్చింది. వేలు మానడానికి రెండు నెలలు పట్టింది. పాత గోరు ఊడిపోయి వంకర గోరొకటి వచ్చింది. నోటి పుండ్లు పోయాయి. ఒకరోజు పచ్చిమిరప తొక్కుతో రొట్టె తిని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, "ఇగ బతికిన" అంది. దసరా పండక్కి ముందు డాక్టరు నెత్తురు మళ్ళీ చూసి, గస్తీవాళ్ళు తిరిగి వస్తున్నారు, ఇంకా నిండా రాలేదు, జాగ్రత్త అన్నాడు. ఆ రోజు గల్లీలో పేడాలు పంచింది మామ. అడగకుండా ఆయన ఏదైనా కొని తేవడం నేనదే చూడడం.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! కానీ సాంచాలు ఆగలేదు కదా. నూనె చిమ్మడం ఆగలేదు. డాగు చీరలు పోగుపడ్డాయి. గల్లీవాళ్ళు నాలుగు రోజులు చూశారు, వారం చూశారు. అవతలి గల్లీలో బీడీలు చుట్టుకునే ఒకామె ఉండేది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద, చేతివాటం మంచిది. డాగుల పని ఆమె పట్టుకుంది. మొదట పక్కవాళ్ళ చీరలు వెళ్ళాయి. తర్వాత మావీ వెళ్ళాయి. తీసుకెళ్ళింది ఎవరనుకున్నారు? నేనే. దవాఖాన గోడలు అదిరేలా అరిచిన ఈ కోడలే, వారానికోసారి మూట నెత్తిన పెట్టుకుని వెళ్ళి ఆమె గుమ్మంలో దించి వచ్చేది. ఆమె తలుపు తీసినప్పుడు గుప్పుమని ఆ వాసన కొట్టేది. నేను ముక్కు పక్కకు తిప్పుకుని, "ఎల్లుండి వస్త అక్కా" అని వచ్చేసేదాన్ని. మా ఇంట్లో రోగం తగ్గింది, నాకంతే కావాలి. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆర్నెల్లు నాకు ఇంకేమీ తట్టలేదు.

చలికాలం వెళ్ళేటప్పుడు ఒకరోజు ఆమె చీరలు అందించింది. చూపుడువేలికి పసుపు గుడ్డ కట్టుంది. "ఏమైందక్కా?" అన్నాను. "ఏం లేదే, పోయిన నెలల ముల్లు గుచ్చింది. మానుతలేదు. ఒంట్ల వేడి" అంది. అంటూ దగ్గింది. లోపలి నుంచి వచ్చే దగ్గు అది, నాకు ఎరుకైన దగ్గు.

మూట అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఎవరి చీరకో వంకలు పెడుతోంది. చెప్పాను. ఆ చీరను పక్కన పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా లేచి నా ముందు నడిచింది.

ఆ ఇంటికి పోయి మొదట తలుపు బార్లా తెరిచింది. "పెట్రోలు పోతది పెద్దమ్మా!" అని ఆమె లబలబలాడింది. "పోనియ్యి" అంది అత్తమ్మ. గుమ్మంలోనే కూలబడి తన వంకర గోరు చూపించింది. జ్వరం, సెగ్గడ్డలు, తెల్లకణాలు, గస్తీవాళ్ళు, అంతా చెప్పింది, డాక్టరు చెప్పినదానికంటే బాగా. "ఇడిసిపెట్టు బిడ్డా" అంది.

"ఇడిసిపెడితే ఎట్ల గడుస్తది పెద్దమ్మా?" అంది ఆమె. కోపంగా కాదు, తెలియక అడిగినట్టు అడిగింది. మా అత్తమ్మ ఆమె ముందు ఉన్న చీరల మూట వంక చూసింది. ఆ మూట మాదే.

తర్వాత అత్తమ్మ అంది: "సరే. తలుపు తెరిసి చెయ్యి. మొకం దగ్గర పెట్టి ఊదకు, ఇసనకర్రతోని ఇసురు. వేలికి పెట్రోలు తాకనియ్యకు. రేపు నా కోడలు నిన్ను దవాఖానకు తోల్కపోతది. ఒక్కటి యాది పెట్టుకో. డాక్టర్ నీ పని ఏందని అడుగుతడు. మొగోళ్ళను చెప్పనియ్యకు. నువ్వే చెప్పు. ఏం చెప్తవ్? ఏదీ, ఇప్పుడు నాకు చెప్పు. నువ్వేం పని చేస్తవ్?"

ఆమెకు నవ్వొచ్చింది. అత్తమ్మ తెరిచిన తలుపును కాలితో సగం దగ్గరికి నెడుతూ, పెట్రోల్లో తడిసిన దూదిని చేతిలోకి తీసుకుంటూ అంది:

"నాకేం పనుంటది పెద్దమ్మా? ఇంట్లనే ఉంట గద."